ఆయన్ని బండెక్కించకండి

మనుషులకు నడక నేర్పడం నా ఉద్యోగం అని పెళ్లయిన కొత్తలో చెప్పినప్పుడు మా అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. "ఏడాది పిల్లలకు ఇంట్లో మేం నేర్పేదేగా! దానికో గవర్నమెంటు ఉద్యోగమా?" అన్నారు. ఆవిడది బెజవాడ, మాటకు వెరవదు. నాదీ అదే ఊరు, మాట పడే అలవాటు తక్కువ. ఆ రోజంతా ఉడికిపోయాను. ఇన్నేళ్లు సర్వీసు చేసి, మొన్నీమధ్య రిటైరై ఇంట్లో కూర్చున్నాక ఆలోచిస్తే, ఆవిడ అన్నదాంట్లో పెద్ద తప్పేమీ లేదనిపిస్తోంది. నేను ఫిజియోథెరపిస్టుని. హైదరాబాదు పాతబస్తీలో ఒక ప్రభుత్వాసుపత్రిలో, ఛాతీ జబ్బుల విభాగంలో, పెద్దవాళ్లకు నడక నేర్పాను. చిన్నపిల్లలకు నేర్పడమే తేలిక. వాళ్లకు పడిపోతామన్న భయం ఉండదు, నలుగురూ చూస్తారన్న సిగ్గు అసలే ఉండదు.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలూ, మీకోసం ఒక్క మనిషి సంగతి చెబుతాను. ఎవరి పేరూ రాయను. పేరు చెప్పి పరిచయమైన మనుషులే అందరూ, కానీ పుస్తకంలోకి ఎక్కించనా అని వాళ్లను నేను అడగలేదు కదా.

ఆయన బేగంబజార్‌లో హమాలీ. పాలమూరు నుంచి కుర్రవాడిగా వచ్చి, మిరపకాయల గోదాముల్లో, పసుపు గోదాముల్లో మూటలు మోసి మోసి జుట్టు తెల్లబడింది. ఆ ఘాటు చాలదన్నట్టు బీడీలు. బీడీలు మానేసేనాటికే ఊపిరితిత్తులు చెడ్డాయి. మా డాక్టరుగారు చీటీ మీద సీఓపీడీ అని రాసి, కింద 'నడిపించగలరు' అని నాకు పంపించారు. ఇన్‌హేలర్ పంపుతో మందు పీల్చడం మొదలైంది. దాంతో ఆయాసం కాస్త తగ్గింది గానీ అలసట తగ్గలేదు.

ఈ అలసట సంగతి మీకు చెప్పాలి. ఈ జబ్బున్నవాళ్లను చూసి అందరూ ఆయాసమే అసలు బాధ అనుకుంటారు. ఆయాసం పైకి కనిపిస్తుంది. అలసట కనిపించదు. చొక్కా తొడుక్కుంటే అలసట, తల దువ్వుకుంటే అలసట, ఆఖరికి అన్నం కలుపుకుంటే అలసట. ఆయాసం వస్తుందని మనిషి కూర్చుండిపోతాడు. కూర్చుంటే కాళ్లలో కండ కరుగుతుంది. కండ తగ్గిన కాళ్లు అదే నాలుగడుగులకు మునుపటికంటే ఎక్కువ గాలి అడుగుతాయి. దాంతో ఇంకాస్త ఆయాసం, ఇంకాస్త కూర్చోవడం. చెడిన ఊపిరితిత్తుల్ని నేను బాగుచేయలేను, అది ఎవరి చేతిలోనూ లేదు. కాళ్లను బాగుచేయగలను. నా ఉద్యోగమంతా ఇంతే.

మొదటిరోజు ఆయన పక్కన ఆయన భార్య కూర్చుంది. ఆవిడ ధూల్‌పేట్‌లో వినాయకుడి బొమ్మలు చేసే షెడ్డులో బొమ్మలకు నగలు అతికించే పని చేస్తుంది. ఇల్లు కూడా అక్కడే, ఒక సందులో.

"నన్నే అడుగుండ్రి మేడమ్," అంది ఆవిడ. "గాయన మాట్లాడితె దమ్ము వస్తది. పొద్దుగాల లేస్తడు, మంచం మీద కూసుంటడు, గోడ సూస్తడు. పొద్దుమూకేదాంక గదే గోడ. గా గోడల ఏమున్నదో నాకైతె సమజైతలేదు."

"నీ మొకం కంటె మంచిగున్నదే," అన్నాడు ఆయన, మధ్యలో ఒకసారి ఊపిరి తీసుకుని.

నాకు నవ్వొచ్చింది. ఎగతాళి చేయగలిగిన మనిషి నడవగలడు. ఇది ఏ పుస్తకంలోనూ లేదు, నా అనుభవం. "మీకేం కావాలి పెద్దాయనా?" అని అడిగాను. అందరూ ఆయాసం తగ్గాలంటారు. ఆయన వేరే మాట చెప్పాడు.

బేగంబజార్‌లో హమాలీలు జట్లుగా పనిచేస్తారు. పొద్దున్నే అందరూ ఒక అడ్డా దగ్గర చేరతారు. ఎవరు ఏ గోదాముకు పోవాలో, ఎవరి తర్వాత ఎవరో, జట్టులో ఒక పెద్దమనిషి నిలబడి గట్టిగా పిలుస్తాడు. దాన్ని వంతులు పిలవడం అంటారు. ఆ పెద్దమనిషి మూటలు మోయనక్కర్లేదు, కానీ ఆయన మాట అందరూ వినాలి. ఆ జట్టులో వంతులు పిలిచే ముసలాయన చూపు మందగించి, ఊరెళ్లిపోతానంటున్నాడు. దసరాకు జట్టువాళ్లు తమ కొక్కేలకూ బండ్లకూ పూజ చేసుకుంటారు. ఆ మరునాడు పొద్దున కొత్త మనిషి పిలవాలి. ఆ చోటు తనకు దక్కాలని మా పెద్దాయన కోరిక. జట్టువాళ్లకూ ఇష్టమే. ఒక్కటే అడ్డం.

"అడ్డాకు సొంత కాళ్ల మీద రావాలె మేడమ్. గది మా జట్టు రివాజు, మా తాతల కాడికెల్లి ఉన్నది. కాళ్ల మీద వచ్చినోడే జట్టు మనిషి. ఇంకోడు తీస్కొచ్చేది సరుకు."

ధూల్‌పేట్‌లో ఆయన సందు నుంచి అడ్డా దాకా ఉన్న దూరం ఆరోగ్యవంతుడికి లెక్కలోది కాదు. ఆయన ఆ రోజు మా ఆసుపత్రి వరండాలో ఆ చివరికి పోయి తిరిగి రాలేక బెంచీ మీద కూలబడ్డాడు. అప్పుడు వేసవి చివర. దసరా దాకా వ్యవధి ఉంది.

చేయాల్సింది నేర్పించాను. వేడి చాయ్ ఊదినట్టు పెదాలు ముడిచి నెమ్మదిగా గాలి వదలాలి. మాట్లాడలేనంత ఆయాసం రాకముందే ఆగాలి. ఊపిరి కుదుటపడ్డాక మళ్లీ నడవాలి. ఛాతీలో నొప్పి వచ్చినా, పెదాలు నీలంగా మారినా ఇక నడక మాట లేదు, నేరుగా మా దగ్గరికి రావడమే. ఆయన అన్నిటికీ బుద్ధిగా తలూపాడు. వెళ్తూ వెళ్తూ ఒక్క మాట అడిగాడు.

"బుజం మీద ఖాళీ గోనె సంచన్న ఏస్కోవచ్చునా మేడమ్? ఉత్తగ నడిస్తె బజార్ల అందరు 'ఏమైంది, ఏమైంది' అని అడుగుతరు."

ఖాళీ సంచికి నాకేం అభ్యంతరం? వేసుకోమన్నాను.

రెండు వారాలకోసారి వచ్చేవాడు. ప్రతిసారీ వరండాలో నడిపించి చూసేదాన్ని. వేలికి మీటర్ పెట్టి ఆక్సిజన్ చూసేదాన్ని. మొదటిసారి పెద్దగా మార్పు లేకపోతే ఊరుకున్నాను. రెండోసారీ అంతే. మూడోసారి కూడా అదే బెంచీ దగ్గర అలాగే కూలబడ్డాడు.

"అసలు నడుస్తున్నారా లేదా?" గట్టిగానే అడిగాను. నా గొంతు వరండా దాటి పోతుందని మా విభాగంలో అందరికీ తెలుసు.

"దినాం ఎల్తున్న మేడమ్. గీమె మీద ఒట్టు."

"నా మీద ఎందుకు, నీ మీద ఏస్కో," అంది భార్య. తర్వాత నా వైపు తిరిగి, "ఎల్తుండు మేడమ్, అబద్దం కాదు. ఎల్లినంక గంటసేపటికి ఇంటికొస్తుండు," అంది.

గంటసేపు బయట తిరిగే మనిషికి కాళ్లలో సత్తువ ఎందుకు రావడం లేదు? మందు మార్చాలేమో చూడమని డాక్టరుగారిని అడిగాను. ఆయన మళ్లీ పరీక్షించి, మందు సరిగ్గానే ఉందన్నారు. నాకు నిద్ర కూడా సరిగ్గా పట్టలేదు కొన్నాళ్లు. పేషెంట్ చెప్పేది నిజం, మందు నిజం, నేను నేర్పింది నిజం. మరి తేడా ఎక్కడ?

ఆ చిక్కు విప్పింది మా వార్డు ఆయా. ఆవిడ జహనుమాలో ఉంటుంది, ఆదివారం చర్చి మానదు, తక్కిన వారమంతా నా కోపాన్ని భరిస్తుంది. వాళ్ల చర్చిలో ఏదో విందుకని గిన్నెలు కొనడానికి బేగంబజార్ పోయిందట. సోమవారం పొద్దున వస్తూనే నడుం మీద చేతులు పెట్టుకుని నా ముందు నిలబడింది.

"మేడమ్, మీ హమాలీ పేషెంట్‌ను సూసిన. నడుస్తలేడు, ఊరేగుతుండు!"

"ఊరేగడం ఏమిటే?"

"తోపుడు బండి మీద కూసోబెట్టిన్రు. ఎనుక సంచులు మెత్తగ పెట్టిన్రు, ఒకడు ముందట 'హటో, హటో' అని అరుస్తుండు, ఇంకోడు తోస్తుండు. నిజాం లెక్క పోతుండు. నన్ను సూసి సలాం గూడ కొట్టిండు మేడమ్, స్తోత్రం!"

ఆ మధ్యాహ్నమే సగం పూట సెలవు పెట్టి, ఆయాను వెంటేసుకుని ఆటో ఎక్కాను.

బేగంబజార్‌లో నిలబడటానికే చోటుండదు. ఒకవైపు గిన్నెల దుకాణాలు, ఒకవైపు దినుసుల గోదాములు, మధ్యలో బండ్లు, మనుషులు, స్కూటర్లు. అడ్డా కనుక్కునేలోపే మా పెద్దాయన కనిపించాడు. భుజం మీద ఖాళీ గోనెసంచి, నెమ్మదిగా నడుస్తున్నాడు. నేను నేర్పినట్టే పెదాలు ముడిచి గాలి వదులుతున్నాడు. నాకు ప్రాణం లేచివచ్చింది. ఒక గోదాము ముందు ఆగాడు. ఆగమన్నది నేనే, ఆగాలి కూడా. చెయ్యి గోడకు ఆనించి రెండు ఊపిరులు తీశాడో లేదో, ఎక్కడినుంచి వచ్చారో ఇద్దరు హమాలీలు పరుగున వచ్చారు. ఒకరు చంకల కింద చేతులు వేశారు, ఒకరు కాళ్లు పట్టుకున్నారు. కళ్లు మూసి తెరిచేలోగా ఆయన బండి మీద ఉన్నాడు.

"దించండి!" అని అరిచాను.

బజారంతా తిరిగి చూసింది. బండి తోస్తున్న మనిషి కాస్త వయసుమళ్లినవాడు, గడ్డానికి గోరింట రంగు, భుజాలు ఈ వైపు నుంచి ఆ వైపుకు గడపంత. ఆ మనిషి మా పెద్దాయనకు భుజం జోడీ అని తర్వాత తెలిసింది. అంటే పెద్ద మూటకు ఆ కొస ఒకరు, ఈ కొస ఒకరు పట్టి, ఏళ్లతరబడి కలిసి మోసినవాళ్లు.

"కౌన్ అమ్మా నువ్వు?"

"ఈయనకు నడక నేర్పేదాన్ని. ఎవరు ఎక్కించమన్నారు మిమ్మల్ని?"

"గుస్సా ఎందుకు మేడమ్?" అన్నాడతను. "దమ్ము తెగి గోడ పట్టుకున్నడు. మా జట్టుల దమ్ము తెగినోన్ని రోడ్డు మీద నిలబెట్టం. ఒకని దమ్ము తెగితే ఇంకోడు బుజం పెట్టాలె. నా జోడీగాడు గోడ పట్టుకొని నిలబడితె నేను సూస్కుంట పోవాల్నా? ఇమాన్ ఒప్పుతదా?"

బండి మీద నుంచి మా పెద్దాయన నా వైపు తప్పుచేసిన పిల్లాడిలా చూశాడు. "ఒద్దంటె ఇనరు మేడమ్," అన్నాడు మెల్లగా. "ఊకె ఒద్దనబుద్ధి కాదు. ప్రేమతోని ఎక్కిస్తున్నరు."

విషయం అర్థమైంది. రోజూ ఆయన బయలుదేరేవాడు. ఎక్కడ ఆగితే అక్కడ జట్టు మనిషి ఎవరో ఒకరు చూసేవారు. బండెక్కించి, దారిలో చాయ్ తాగించి, భార్య కంట పడకుండా సందు మొదట్లో దించి వెళ్లేవారు. గంట గడిచిపోయేది. నా కోపమంతా ఎటు పోయిందో తెలియదు. ఆ ఇద్దరి చొక్కాలు చెమటతో తడిసి ఉన్నాయి. పని మధ్యలో మూటలు దించి పరుగెత్తుకొచ్చినవాళ్లు. వీళ్లను తిట్టడం ఎలా? తిట్టకపోతే ఈ మనిషి దసరాకు కూడా బండి మీదే ఉంటాడు.

"నువ్వు మూట ఎత్తుకుని గోదాము మెట్లెక్కుతావు కదా భాయ్," అన్నాను ఎర్రగడ్డం మనిషితో. "నీకు ఆయాసం రాదా?"

"ఎందుకు రాదు? మస్తు వస్తది."

"అప్పుడు నిన్ను చంకలో వేసుకుని ఎవరైనా ఇంట్లో దిగబెడతారా?"

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమన్నారు. మా ఆయా అయితే కడుపు పట్టుకుంది.

"గదెట్ల?" అన్నాడతను. "మూట దించుకుంట. దమ్ము తీస్కుంట. మల్ల ఎత్తుకుంట."

"ఎక్కడ దించుకుంటావు?"

చెయ్యి చాపి చూపించాడు. ఆ గోదాముల ముందు అక్కడక్కడా ఛాతీ ఎత్తున పాతకాలపు రాతి అరుగులున్నాయి. హమాలీలు నడుం వంచకుండా మూటను దాని మీదికి జార్చి, దానికే ఆనుకుని ఊపిరి తీసుకుని, మళ్లీ భుజానికెత్తుకుంటారు. మా పెద్దాయన దగ్గరికి వెళ్లి దిగమన్నాను. ఒక అరుగు దగ్గరికి నడిపించి, మోచేతులు రెండూ దాని మీద ఆనించి ముందుకు వాలమన్నాను. ఇలా వాలితే భుజాల బరువు ఛాతీ మీద పడదు, ఊపిరి తీసే కండరాలకు ఊతం దొరుకుతుంది. ఆసుపత్రిలో దీన్ని టేబుల్ మీద నేర్పిస్తాం. ఆయన వాలి, పెదాలు ముడిచి గాలి వదిలాడు. చూస్తుండగానే భుజాల ఎగదిగుడు తగ్గింది. తలెత్తి, "సల్లవడ్డది," అన్నాడు.

"ఈయనకు ఊపిరే మూట," అన్నాను జట్టువాళ్లతో. "దించుకోనివ్వండి. మళ్లీ తనే ఎత్తుకుంటాడు. మీరు చూస్తూ నిలబడండి, అంతే. దయచేసి బండెక్కించకండి."

ఎర్రగడ్డం మనిషి తన అరచేతుల వంక చూసుకున్నాడు. "నిలబడి సూసుడే కష్టం మేడమ్," అన్నాడు చివరికి. "మోసుడు అల్కగుంటది."

నిలబడి చూడమన్న మాట నేను ఎంతమంది ఇళ్లవాళ్లకు చెప్పానో! అన్నం తినిపించే కోడళ్లకు, చొక్కా తొడిగే కొడుకులకు, మంచినీళ్ల గ్లాసు కూడా అందుకోనివ్వని భార్యలకు. నిలబడి చూడటమే కష్టమని నాకూ తెలుసు, అయినా చూడమని బతిమాలాను. మీరూ బతిమాలాల్సి వస్తుంది. పేషెంటుకు నేర్పడం సగమే పని. చుట్టూ ఉన్న ప్రేమను కాస్త చేతులు కట్టుకుని నిలబడమనడం మిగతా సగం.

అరుగు నుంచి అరుగుకు నడక మొదలైంది. ఒక అరుగు దాకా పోయి రావడం కుదిరాక, రెండో అరుగు. వరండా పరీక్షలో బెంచీ దాటేశాడు. ఒకరోజు భార్య ఒక్కతే వచ్చింది, చేతిలో ఏదో కాగితప్పొట్లం. "గాయనకు గాయనే నీళ్లు తోడుకొని తానం చేసిండు మేడమ్," అంది. ఆ ఒక్క మాట చెప్పడానికే షెడ్డు నుంచి అంత దూరం వచ్చింది. చెప్పి, బొటబొటా ఏడ్చింది. పొట్లంలో మిర్చి బజ్జీలు. ఛాతీ విభాగంలో మిర్చి బజ్జీలా అని డాక్టరుగారు కళ్లెర్ర చేసి, రెండు తీసుకున్నారు.

సంతోషం వినాయక చవితి దాకానే. ఆ రోజుల్లో ధూల్‌పేట్ సందులు ఎలా ఉంటాయో చూడాలి. బొమ్మలకు రంగులు కొట్టే మిషన్ల తుంపర, అరగదీసే పొడి, రాత్రీపగలూ లారీలు. కిటికీలు మూసుకుని ఉండమన్నాం, ఉన్నాడు కూడా. ఆ ఒక్క గదికి ఉన్నదే ఒక కిటికీ. అయినా దగ్గు పట్టుకుని, జ్వరమొచ్చి, మా వార్డులోనే చేరాడు. ఆక్సిజన్ పెట్టారు. గండం గడిచి ముక్కు గొట్టం తీసేసరికి కాళ్లు మళ్లీ మొదటికొచ్చాయి. మంచం దిగి తలుపు దాకా వెళ్లలేకపోయాడు.

"ఇడిసిపెట్టు మేడమ్," అన్నాడు గోడవైపు తిరిగి. "వేరేటోన్ని సూస్కోమని కబురు పంపుత. ఈ పానం గింతే."

దసరా ఇంకెంతో దూరంలో లేదు. అబద్ధం చెప్పి ధైర్యం చెప్పడం నాకు చేతకాదు. మంచాలు తుడుస్తున్న మా ఆయా వచ్చి ఆయన తల దగ్గర నిలబడింది.

"వేరేటోడు పిలుస్తడా? పిలువనియ్యి," అంది. "గాడు నీ జోడీని ఏ మూలకున్న గోదాముకు తోలినా నువ్వు ఇంట్ల కూసోని గోడ సూస్కో. నాకేంది?"

ఆయన కళ్లు తెరిచి ఆవిడను కొరకొరా చూశాడు. కాసేపటికి కాళ్లు మంచం కిందికి దించాడు. మళ్లీ మంచం నుంచి తలుపు, తలుపు నుంచి వరండా. డిశ్చార్జి అయ్యాక మళ్లీ అరుగు నుంచి అరుగు. ఒకసారి నడిచిన కాళ్లకు దారి గుర్తుంటుంది. రెండోసారి త్వరగా కోలుకున్నాడు, కానీ అడ్డా దాకా ఒక్కసారి కూడా పూర్తిగా నడవలేదు. దసరా వచ్చేసింది.

మరునాడు పొద్దున డ్యూటీకి బయలుదేరినదాన్ని ధూల్‌పేట్‌లో దిగాను. సందు చివర జట్టు మొత్తం నిలబడి ఉంది. పూజలో కట్టిన బంతిపూలు ఇంకా బండ్లకు వేలాడుతున్నాయి. ఎర్రగడ్డం మనిషి చేతులు వెనక్కి కట్టుకుని ఉన్నాడు. "మేడమ్, మేం ముట్టం," అన్నాడు నన్ను చూడగానే. మా పెద్దాయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, తల దువ్వుకుని వచ్చాడు. పంపు పీల్చాడు. భార్య గడపలో నిలబడి, "లొల్లి చెయ్యకుండ్రి, గాయన నడక ఇసాబు గాయనది," అని జట్టునంతా హెచ్చరించింది.

నడక మొదలైంది. ముందు ఆయన, కాస్త వెనుక నేను, నా వెనుక జట్టు, దాని వెనుక ఖాళీ బండ్లు. బేగంబజార్‌లో హమాలీలు నెమ్మదిగా నడవడం ఎవరైనా చూశారా? వాళ్లు 'హటో' అని అరిస్తే లోకం తప్పుకోవాలి. ఆ రోజు ఆయన అడుగుకే అందరి అడుగు. వెనక స్కూటర్ల హారన్లు. ఎవరో ఆటోవాడు ఏమైందని అరిస్తే, "హమారా ఆద్మీ ఆరా భాయ్, జర ఠైరో!" అని ఎర్రగడ్డం మనిషి గదమాయించాడు. మా మనిషి వస్తున్నాడు, కాస్త ఆగమని. ఒక అరుగు దగ్గర వాలాడు. ఊపిరి తీసుకున్నాడు. ఇంకో అరుగు.

అడ్డా కనిపిస్తోంది. దానికి ముందున్న ఆఖరి అరుగు దగ్గరికి వచ్చేసరికి ఆయన మొహం పాలిపోయింది. చూస్తే అరుగు నిండా స్టీలు బిందెలు. పండగ అమ్మకాలకు తెచ్చిన సరుకు, గోపురంలా పేర్చేశారు. మోచేయి ఆనించే చోటు లేదు. ఆయన అటూ ఇటూ చూశాడు. ఆసరా కోసం చెయ్యి గాల్లోకి చాచాడు. జట్టులో ఒకడు ముందుకు ఉరికాడు, ఇంకొకడు అతన్ని పట్టుకుని ఆపాడు. పడిపోతే నేను పట్టుకోవాలని రెండు చేతులూ చాపాను. బయలుదేరేటప్పుడే ఆయన వేలికి పెట్టిన మీటర్ చూశాను, అంకె భయపెట్టేలా లేదు. కావలసింది ఆనుకోవడానికి ఒక ఊతం, అంతే.

అప్పుడు ఎర్రగడ్డం మనిషి తన బండి తోసుకొచ్చి ఆయన పక్కన ఆపాడు. నా పై ప్రాణం పైనే పోయింది. "ఒద్దు భాయ్!" అన్నాను.

"ముట్టలే మేడమ్," అన్నాడతను, మళ్లీ చేతులు వెనక్కి కట్టేసుకుని.

మా పెద్దాయన బండిని చూశాడు. దాని మీదికి చూడలేదు, వెనక తోసే కర్ర వైపు చూశాడు. రెండు మోచేతులూ ఆ అడ్డకర్ర మీద ఆనించి ముందుకు వాలాడు. చాలాసేపు వాలి ఉన్నాడు. చాయ్ ఊదినట్టు గాలి వదులుతూ, వదులుతూ... తర్వాత బండి కదిలింది. ఆయనే కదిలించాడు. వాలినవాడు వాలినట్టే, ఒక్కో అడుగు వేస్తూ ఖాళీ బండి తోసుకుంటూ పోయాడు. ముందుకు వాలి నడిస్తే ఈ జబ్బున్నవాళ్లకు ఊపిరి తేలికవుతుంది. విదేశాల్లో దీనికి చక్రాలున్న ఊతబండ్లు అమ్ముతారని చదివానే గానీ, మా బజారులో ఇన్ని వందల బండ్లుండగా నాకు తట్టనే లేదు. ఆనందంతో నా కళ్లు మసకబారాయి.

అడ్డాలో వంతులు పిలిచే ముసలాయన రాతి మీద కూర్చుని ఉన్నాడు. చూపు ఆనదు, చెవులు మాత్రం చురుకు. చక్రాల చప్పుడు విని మొహం ముడుచుకున్నాడు.

"బండి మీద తెచ్చిన్రా?" అన్నాడు. "అరె, ఎంత పని చేసిన్రు! నేనేం జెయ్యాలె ఇగ? తాతల రివాజు."

మా పెద్దాయనకు మాట్లాడేంత ఊపిరి లేదు. నేను నోరు తెరవబోతే ఎర్రగడ్డం మనిషి నన్ను చేత్తో ఆపాడు.

"బండి వచ్చింది నిజమే బాపు," అన్నాడు. "తోస్కొచ్చింది గాయన."

ముసలాయన లేచి, తడుముకుంటూ వచ్చి, మొదట బండి మీద చెయ్యి వేశాడు. ఖాళీ. తర్వాత కర్రను తడిమాడు. దాని మీద ఆనించి ఉన్న మోచేతులు తగిలాయి. చెమటతో తడిసిన చొక్కా తగిలింది. పకపకా నవ్వాడు.

"బండి తోస్కొచ్చినోడు హమాలీ గాక ఇంకేందిరా!" అని ఆయన భుజం చరిచి, "పిలువు," అన్నాడు.

మా పెద్దాయన వెంటనే పిలవలేకపోయాడు. జట్టంతా చేతులు కట్టుకుని నిలబడింది. గోదాముల ముందు షావుకార్లు ఎదురుచూస్తున్నారు, సరుకు లారీల్లో ఉంది. అయినా ఒక్కరూ తొందరపెట్టలేదు. ఆ చురుకైన మనుషులు అంత ఓపికగా నిలబడటం చూసి నాకు చెప్పలేనంత కృతజ్ఞత కలిగింది. నేను నేర్పాననుకున్నది వాళ్లు నాకు తిరిగి చూపిస్తున్నారు. కాసేపటికి ఆయన తలెత్తి మొదటి వంతు పిలిచాడు. గొంతు పెద్దది కాదు, కానీ అందరికీ వినిపించింది. ఎర్రగడ్డం మనిషి పేరది. అతను కళ్లు తుడుచుకుంటూ, తన బండిని మాత్రం అక్కడే వదిలేసి, పక్కవాడి బండి లాక్కుని మిరపకాయల గోదాము వైపు పోయాడు. తర్వాత ఒక్కొక్కరూ. మధ్యమధ్య ఆగి ఊపిరి తీసుకుంటూ అందరినీ పంపించాడు.

అడ్డా ఖాళీ అయింది. నేనొక్కదాన్నే మిగిలాను, వెళ్లబుద్ధి కాక. ఆయన నా వైపు తిరిగాడు.

"నువ్వేంది మేడమ్, ఇంక నిలవడితివి?" అన్నాడు అదే గొంతుతో. "దవాఖానల మనుషులు బెంచి మీద కూసోని ఉంటరు. పో, నీ వంతు."

ఇన్నేళ్ల సర్వీసులో 'ఇంక పో తల్లీ' అని విసుక్కున్న పేషెంట్లు నాకు చాలామంది ఉన్నారు, లేపి నడిపించే మనిషంటే ఎవరికి ఇష్టం? సంతోషంగా పొమ్మన్నది ఆయనొక్కడే. ఆ బజారులో చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని ఆసుపత్రి దాకా పరుగులాంటి నడకతో పోయాను.